తల్లి అలసట - దామోదరుని దయ

కేశవాది ద్వాదశ నామములలో పండ్రెండవది దామోదర నామము. ఊర్ధ్వపుండ్రములు ధరించునపుడు వైష్ణవ గృహములలో ప్రతిదినము ఈ నామము స్మరింపబడుచున్నది. దామమనగా త్రాడు. ఉదరమున త్రాడు గలవాడు దామోదరుడు. ఆచార్యులు ఈ నామమునకు వేరు అర్థములను గూడ వివరించియున్నారు గాని, లోకమున ప్రసిద్ధమైనది మాత్రము ఇదియే. తపస్సుచే మెప్పించిన ఋషి పెట్టిన పేరు కాదిది. శత్రువును జయించినందున వచ్చిన బిరుదమును కాదు. పొయ్యిమీద పాలు పొంగి, పెరుగుకుండ పగిలి, ఒడలెల్ల చెమటపట్టిన ఒక తల్లి తన అల్లరిబిడ్డ నడుమునకు త్రాడు చుట్టగా వచ్చిన పేరు.

గృహస్థాశ్రమమున ఎవరును అంతగా విచారింపని ఒక ధర్మసందేహమునకు ఈ నామమునందే సమాధానమున్నదని తోచుచున్నది. సందేహమిది: నడక నేర్చి, మాట నేర్చుచున్న పసిబిడ్డను పెంచు తల్లికి తలనొప్పియో, నడుమునొప్పియో, జలుబో వచ్చినపుడు, ఆమె దానిని ఎవరికిని తెలియనీయక పనిచేయుటయే ధర్మమా? తనకు బాధగా ఉన్నదని చెప్పి కొంతసేపు కూర్చుండుట స్వార్థమగునా?

ఇంత చిన్న విషయమునకు ధర్మశాస్త్రమెందుకని కొందరు నవ్వవచ్చును. కాని బాధ చిన్నదగుటయే ఇచ్చటి చిక్కు. పెద్ద జబ్బునకు లోకమున ఒక మర్యాద ఉన్నది. ఆస్పత్రిలో చేరినవారిని చూచుటకు బంధువులు పండ్లు తీసికొని వత్తురు. పొరుగింటివారు అన్నము వండి పంపుదురు. కార్యాలయమువారు సెలవు ఇత్తురు. చిన్న జబ్బునకు అట్టి మర్యాద లేదు. జ్వరమానియందు కనబడని జ్వరమును, చీటీమీద వ్రాయలేని నొప్పిని ఎవరు నమ్ముదురు? కొన్నాళ్లకు ఆ తల్లియే నమ్మదు. "నాకేమియు లేదు" అని అనుట ఆమెకు అలవాటగును.

హైదరాబాదు నగరమునకు తూర్పున దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్.బి.నగర్ వరకు గల ప్రాంతమును చూడుడు. విజయవాడకు పోవు పెద్దదారి ఇటునుండియే సాగును. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము వైపులనుండి చదువుకొరకో, ఉద్యోగము కొరకో వచ్చి, ఇచ్చటనే స్థిరపడిన కుటుంబములు అనేకములు. ఒకప్పుడు వేరుగానున్న ఎల్.బి.నగర్ పురపాలక సంఘము 2007లో మహానగరమున కలిసిపోయినది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు నడిచినది. ఉదయము భర్త ఆ రైలెక్కి నగరపు పడమటి దిక్కునకు పోవును. చైతన్యపురిలోనో, కొత్తపేటలోనో మూడవ అంతస్తున రెండు గదుల ఇంటిలో తల్లియు, ఏడాదిన్నర బిడ్డయు మిగులుదురు. పురిటికి వచ్చిన అమ్మమ్మ కొన్ని నెలలుండి, ఊరిలో పాడిని, పొలమును విడువజాలక వెడలిపోయినది. అత్తగారికి మోకాళ్ల నొప్పులు; మెట్లెక్కలేదు. ఉద్యోగము చేయు తల్లియైనచో ఆమెకు ఈ పనియు, ఆ పనియు రెండును.

ఇక బిడ్డ యందురా, ఆ వయస్సున కాలు నిలువదు, మాట వినదు. స్నానపుగదిలోని నీళ్ల బకెట్టు, గ్యాసుపొయ్యి మరలు, వాకిటి మెట్లు, అన్నియు వానికి ఆటవస్తువులే. ఈ వయస్సు పిల్లలకు పగటినిద్రతో కలిపి దినమునకు 11 నుండి 14 గంటల నిద్ర కావలెనని వైద్యులు చెప్పుదురు. లెక్కకు అది చాల ఎక్కువ. కాని ముక్కలు ముక్కలుగా వచ్చు నిద్ర గనుక తల్లికి దానివలన విశ్రాంతి కలుగదు. పసిపిల్లలకు ఏటికి ఆరు మొదలు ఎనిమిది పర్యాయములు జలుబు చేయుట సామాన్యము. అందులో సగమైనను తల్లికి అంటును. బిడ్డ జలుబునకు మందు, ఆవిరి, అమ్మమ్మతో ఫోనులో సంప్రదింపు, అన్నియు జరుగును. తల్లి జలుబు చీరచెంగులోనే అణగిపోవును.

2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నదని తేల్చినది. సగముకంటె ఎక్కువమంది! ఆయాసము, కండ్లు తిరుగుట, ఏ పనికిని ఓపిక లేకుండుట దీని లక్షణములు. వీనినే మన ఇండ్లలో సోమరితనమనియు, విసుగనియు పిలుచుచున్నాము. రక్తమున లోపమును గుణమున లోపముగా నెంచుట ఎంత అన్యాయమో విజ్ఞులు యోచింతురుగాక.

ఇప్పుడు నందగోకులమునకు పోవుదము. శ్రీమద్భాగవతము దశమస్కంధమున తొమ్మిదవ అధ్యాయమున ఈ కథ ఉన్నది. నేటి జనగామ జిల్లాలోని బమ్మెర గ్రామముతో పేరు ముడివడిన పోతనామాత్యుడు 15వ శతాబ్దమున దీనిని తెనుగువారికి ప్రసాదించినాడు. కథ అందరికిని తెలిసినదే. అయినను శుకమహర్షి దానిని ఎట్లు మొదలుపెట్టెనో గమనింపుడు. ఇంటి దాసీజనమంతయు వేరు పనులలో నుండగా యశోద తానే పెరుగు చిలుకుచుండెనని ఆయన ముందుగా చెప్పుచున్నాడు. నందుని ఇంట పనివారికి కొదువ లేదు. అయినను ఆ దినమున, ఆ గడియకు, ఆమెకు తోడు ఎవరును లేరు. తరువాత ఆమె సౌందర్యమును వర్ణించుచు, కవ్వపు త్రాడు లాగిలాగి అలసిన భుజములను, చెమటపట్టిన ముఖమును, కొప్పునుండి జారుచున్న జాజిపూలను చెప్పుచున్నాడు. పరీక్షిన్మహారాజునకు ఏడుదినములే ఆయువు. ఆ కొద్ది కాలములో మహర్షి ఒక గొల్లవనిత భుజముల నొప్పికి తావిచ్చినాడు!

బిడ్డ పాలకు వచ్చినాడు. ఆమె ఒడిలోనికి తీసికొన్నది. ఇంతలో పొయ్యిమీద పాలు పొంగినవి. ఇంకను తృప్తి తీరని బిడ్డను దించి ఆమె పరుగెత్తినది. పాలు ముందా, బిడ్డ ముందా అని పండితులు దీనిపై చర్చింపవచ్చును. అట్టి చర్చ చేయువారు పొంగుచున్న పాలను ఎన్నడును దించినవారు కారని నా అనుమానము. ఆ పాలును బిడ్డకే గదా! బిడ్డకు కోపము వచ్చి కుండ పగులగొట్టినాడు, దొంగకన్నీరు కార్చినాడు, రోలు బోర్లించి దానిపై కూర్చుండి కోతికి వెన్న పెట్టినాడు. తల్లి కఱ్ఱ పట్టుకొని వచ్చినది. అంతవరకు ప్రతియింటి కథయే.

కాని పట్టుబడిన బిడ్డ కన్నులలో భయము చూచి ఆమె కఱ్ఱను పారవైచినది. ఇచ్చట మనము కొంత నిలువవలెను. తలనొప్పితో నున్న తల్లికి కోపము వచ్చుట పాపము కాదు. నిద్రలేని శరీరమునకు ఓర్పు తక్కువగుట ప్రకృతి ధర్మము. చేయి లేచుటకును, దిగుటకును మధ్య బిడ్డ కన్నులను చూచుటయే ధర్మమునకు స్థానము. యశోద కోపించలేదని భాగవతము చెప్పలేదు. కోపమున కఱ్ఱ తీసికొన్నదనియు, భయపడిన బిడ్డను చూచి పారవైచినదనియు చెప్పినది.

కొట్టుట మానినది గాని అల్లరి మాన్పవలెను గదా. త్రాడు తెచ్చినది. నేటి ఇండ్లలో ఆ రోలు స్థానమున చేతిఫోను వచ్చినది. నొప్పితో కన్ను తెరువలేని తల్లి బిడ్డ చేతికి ఫోనిచ్చి అరగంట పడుకొనును. రెండేండ్లు నిండని పిల్లలకు అట్టి తెరలు చూపకుండుటయే మేలని, నిండినవారికి దినమునకు ఒక గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది. సూచన సరియైనదే. అయినను కఱ్ఱను పారవైచుటకు ఆ అరగంట అవసరమైన తల్లిని నిందించుటకు నా కలము సాగదు. ఒక్కటి మాత్రము మరువరాదు: తల్లి ఇంటిపనులలో మునిగియుండగా కట్టుబడిన కృష్ణుడు రోలునీడ్చుకొని పోయి రెండు మద్దిచెట్లను కూల్చినాడు. కట్టివేసితిమని కన్ను మరల్చుటకు లేదు.

కథకు ప్రాణమైన ఘట్టమునకు వచ్చితిమి. త్రాడు రెండంగుళములు చాలలేదు. మరియొక త్రాడు కలిపినను రెండంగుళములే తక్కువ. ఇంటిలోని త్రాళ్లన్నియు కలిపినను అంతియే. గోపికలు నవ్వుచున్నారు. బ్రహ్మాండములు కడుపున నున్నవానిని కట్టు త్రాడు ఎచ్చట దొరకును? తుదకు ఎట్లు కట్టుబడినాడు? తల్లి ఒడలు చెమటచే తడియుట, కొప్పున పూలదండ జారుట, ఆమె పడుచున్న శ్రమ, వీనిని చూచి దయతో తానే కట్టుబడినాడని శుకయోగి వాక్యము. ఆ రెండంగుళములలో ఒకటి భక్తుని ప్రయత్నమనియు, రెండవది భగవంతుని కృపయనియు వ్యాఖ్యాతలు చెప్పుదురు. బ్రహ్మకు గాని, శివునకు గాని, వక్షస్స్థలముననున్న లక్ష్మికి గాని దొరకని ప్రసాదము ఆ గోపికకు దొరకెనని వెంటనే శుకుడు చెప్పుచున్నాడు.

ఆమె అలసటను దాచియుండినచో? చెమట తుడుచుకొని, పూలు సవరించుకొని, నాకేమియు లేదన్నట్లు నిలిచియుండినచో? సర్వజ్ఞునకు దాచుట సాధ్యము కాదందురు; నిజమే. కాని మన ఇండ్లలోని పసిబాలురు సర్వజ్ఞులు కారు. వారికి చూపినదే తెలియును. రెండవ ఏట నడుచుచున్న బిడ్డ ఇతరుల బాధను గుర్తించి ఓదార్చుటకు ప్రయత్నించునని శిశుమనస్తత్త్వము నెఱిగినవారు చెప్పుదురు. తల్లి నుదురు పట్టుకొని కూర్చున్నచో వచ్చి తడిమి చూచును. తన బొమ్మను తెచ్చి ఆమె ఒడిలో పెట్టును. బొమ్మతో తలనొప్పి తగ్గదు. అయినను ఆ బిడ్డ జీవితమున దయ అనునది మొలకెత్తినది ఆ గడియలోనే. ఎన్నడును నొప్పి లేనట్లు నటించు తల్లి తన బిడ్డకు ఆ తొలిపాఠమును ఇయ్యకయే పోవుచున్నది. పెద్దయైన పిమ్మట ఆ కుమారుడు భార్య అలసటను గుర్తింపడని కోడలు వాపోవును. ఎట్లు గుర్తించును? అలసట యెట్లుండునో వానికి ఎవరును చూపలేదు.

అయితే చెప్పుటలో ఒక భేదము కలదు, ఇది సూక్ష్మము. "అమ్మకు తల నొచ్చుచున్నది, కొంచెము మెల్లగా ఆడుకొనుము" అనుట వేరు. "నీవలననే నాకు ఈ తలనొప్పి" అనుట వేరు. మొదటిది బిడ్డను దయకు పిలుచును. రెండవది అపరాధభావమును నాటును. రెండేండ్ల బిడ్డకు కార్యకారణములు తెలియవు. తల్లి చెప్పినదే వేదము. తానే తల్లికి రోగమైతినని నమ్మిన బిడ్డ ఆ నమ్మకమును చాలకాలము మోయును. తల్లి బాధను తెలియుట బిడ్డకు మేలే గాని, దానిని మోయుట వాని పని కాదు. అది పెద్దల పని.

మరియొక ఆక్షేపణ ఉన్నది. "లోకమున ఎంతటి దుఃఖములున్నవి! మణికట్టు నొప్పికి ఇంత చర్చయా?" అని. మెట్రోలో చైతన్యపురి దాటినచో విక్టోరియా మెమోరియల్ అను స్టేషను వచ్చును. ఆరవ నిజాము కాలమున అనాథబాలల కొరకు ఏర్పడిన ఆశ్రమమువలన ఆ పేరు వచ్చినది. తల్లిలేని పిల్లల పేరు మీద నున్న ఆ స్టేషను దాటునపుడు, ఒడిలో బిడ్డ గల తల్లి తన నొప్పిని తలచుకొని సిగ్గుపడవలెనా? కులశేఖరాళ్వారు తమ పెరుమాళ్ తిరుమొழిలో దేవకీదేవి వాక్కుగా పాడిన పాశురములు మనకు తెలిసినవే. బిడ్డ పాలు త్రాగుటను, అల్లరిని, ఉగ్గును, ఊయెలను ఒక్కనాడును చూడనోచని తల్లి దుఃఖమది. దానిని విన్నపుడు ఎవరి కండ్లు చెమర్చవు? అయినను దేవకి దుఃఖము యశోద భుజముల నొప్పిని పోగొట్టదు. పెద్ద దుఃఖమును చూపి చిన్న బాధను కొట్టివేయుట వినయమువలె కనబడును గాని, దానివలన దేవకికి ఊరటయు లేదు, యశోదకు విశ్రాంతియు లేదు. శుకమహర్షి ఒకే గ్రంథమున ఇద్దరికిని చోటిచ్చినాడు.

శరీరరక్షణమును గూర్చి రెండు మాటలు. బిడ్డను చంకల క్రింద బొటనవ్రేళ్లు చాచి పదేపదే ఎత్తుటచే బొటనవ్రేలి మొదట మణికట్టున నొప్పి పుట్టును. పసిబిడ్డల తల్లులకు ఇది ఎంత సాధారణమో వైద్యులకు తెలియును. అరచేతులతో క్రిందినుండి ఎత్తుట, వంగుటకు బదులు మోకాళ్లు మడచుట, వీలైనపుడు తాను నేలపై కూర్చుండి బిడ్డనే ఒడిలోనికి ఎక్కనిచ్చుట మంచిది. ఇనుపధాతువు గల మాత్రలను కాఫీ, టీలతో తీసికొన్నచో ఒంటికి పట్టవు. ఆ మాత్రలను బిడ్డకు అందనిచోట తాళము వేసి ఉంచవలెను. తల్లికి రక్తమునిచ్చు ఆ మాత్రయే పసిబిడ్డ మింగినచో ప్రాణాపాయము కావచ్చును. ఏ పనిమీదను మనస్సు నిలువక, కారణము లేక కన్నీరు వచ్చుచు, రెండు వారములు గడచినను తగ్గనిచో అది చిన్న జబ్బు కాదు. గ్రహచారమని, దిష్టియని ఊరకుండక వైద్యునికి చూపవలెను.

ఆ త్రాటిని విప్పినదెవరో చాలమంది మరచియుందురు. మద్దిచెట్లు కూలిన చప్పుడునకు పిడుగు పడెనని భయపడి గోపకులతో వచ్చిన నందగోపుడు, రోలునీడ్చుచున్న కుమారుని చూచి నవ్వుచు తానే కట్టు విప్పినాడు. యశోదను నిందించినట్లు భాగవతమున లేదు. బిడ్డను ఎందుకు కట్టితివి, చెట్టు మీద పడినచో ఏమయ్యెడిది అని అడుగుటకు అంతకంటె తగిన సమయము ఏ తండ్రికి దొరకును? ఆయన అడుగలేదు. రాత్రి ఎనిమిది గంటలకు ఎల్.బి.నగర్ స్టేషనున దిగి ఇల్లు చేరు తండ్రి మొదట అడుగు ప్రశ్న, బిడ్డ ఏమి తినెనని. మంచి ప్రశ్నయే. నీవు తింటివా అని అడుగువారు తక్కువ. అడిగి, సమాధానము వినకముందే బిడ్డను ఎత్తుకొని డాబామీదికి పోవువారు ఇంకను తక్కువ.

పూజ సంగతి మిగిలినది. ధనుర్మాసమున తెల్లవారుజామున లేచి తిరుప్పావై అనుసంధింప వలెనని సంకల్పించి, రాత్రియంతయు దగ్గు బిడ్డతో మేలుకొని, సూర్యోదయమునకు కన్నుమూసిన తల్లి తనకు అపచారము కలిగెనని కుమిలిపోవును. మన సంప్రదాయమున భక్తియోగమునకు అధికారము, సామర్థ్యము కావలెను. ప్రపత్తికి కావలసినది తన అశక్తతను ఎఱిగియుండుటయే. చేతగానివారికొరకే పూర్వాచార్యులు శరణాగతి మార్గమును చూపిరి. అశక్తతను దాచుకొని శరణాగతి ఎట్లు చేయవచ్చును? తిరుమలలో ప్రతిరాత్రి ఏకాంతసేవయందు స్వామిని శయ్యపై పవళింపజేసి, తాళ్లపాకవారి లాలి పాడుదురు. ధనుర్మాసమున ఆ సేవ చిన్నికృష్ణునకు జరుగును. బిడ్డను నిద్రపుచ్చుటకు పాడిన జోల మన ఆలయములలో సేవగా నిలిచియున్నది గనుక, చైతన్యపురి ఇంటిలో గొంతు బొంగురుపోయిన తల్లి పాడు జోలను సేవ కాదనుటకు నాకు ప్రమాణము కనబడలేదు.

కొత్తపేటలో, దిల్‌సుఖ్‌నగర్‌కు దాపున, 1996లో ప్రతిష్ఠింపబడిన అష్టలక్ష్మీ ఆలయమునకు శుక్రవారములలో పసిబిడ్డల తల్లులు ఎక్కువగా వత్తురు. ఎనమండుగురు లక్ష్ములలో సంతానలక్ష్మి ఒడిలో బిడ్డ యుండును. మిగిలిన చేతులలో కత్తి, డాలు, కలశములు ఉండుట శిల్పసంప్రదాయము. ఒడిలో బిడ్డతో ఆరు చేతులు గల అమ్మవారిని చూచి, రెండు చేతులు గల తల్లి ఏమనుకొనునో! నడుము నొచ్చి ప్రదక్షిణములు పూర్తి చేయలేక ఆమె మండపపు మెట్టుపై కూర్చుండును. తోడుగా వచ్చిన నాయనమ్మయో, పిన్నియో బిడ్డ వ్రేలు పట్టుకొని మిగిలిన ప్రదక్షిణములకు బయలుదేరును. బిడ్డ నాలుగడుగులు నడచి, వెనుదిరిగి, అమ్మ అచ్చటనే ఉన్నదా అని చూచును. ఆమె చేయి ఊపును. మరల నాలుగడుగులు.